గోల్ఫు సంఘము ఎవరిది?
(ఒక పఠనమందిరమునందు చేసిన ప్రసంగము)



గోల్ఫు ధనికుల ఆట, దానితో మనకేమి పని అని మీలో కొందరు తలపవచ్చును. కాని దేశము పేర ఒక సంఘము వెలసి, దేశము పేర జట్లను పంపుచున్నపుడు, దాని పాలన ప్రజలందరి విచారణకు లోబడవలసినదే యని మా విశ్వాసము.

ఈ ఆట కంపెనీవారి కాలముననే మన దేశము చేరినది. కలకత్తా క్లబ్బు 1829లో స్థాపితమైనది. బ్రిటిషు దీవులకు వెలుపల అంతటి ప్రాచీనమైన గోల్ఫు క్లబ్బు మరియొకటి లేదు. 1892లో భారత అమెచ్యూరు పోటీని ఆరంభించినదియు ఆ క్లబ్బే. స్వాతంత్ర్యానంతరము, 1955లో, ఇండియన్ గోల్ఫ్ యూనియన్ ఏర్పడినది. అప్పటినుండి ఆటకు జాతీయమైన అధికారసంస్థ కలిగినది.

ఆ సంస్థ చేయు పని యెట్టిది? నిబంధనలను అది సృజింపదు. సెయింట్ ఆండ్రూస్ నందలి ఆర్ అండ్ ఏ సంస్థయు, అమెరికా గోల్ఫు సంఘమును 1952 నుండి ఏకముఖముగా నిర్ణయించు నియమావళియే లోకమంతట చెల్లుచున్నది. దానిని దేశమున నిలుపుట, జాతీయ పోటీలు నడపుట, బాలబాలికలను తీర్చుట, ఏషియా క్రీడల వంటివానికి జట్లను పంపుట ఈ సంఘపు విధులు. 1982 ఢిల్లీ క్రీడలలో లక్ష్మణసింగు వ్యక్తిగత స్వర్ణమును, మన జట్టు మరియొక స్వర్ణమును గెలిచిన సంగతి మీరెరుగుదురు.

అధికారము రెండంచుల కత్తి. అమెరికా వృత్తిక్రీడాకారుల సంఘము 1961 వరకు తెల్లజాతివారికే సభ్యత్వమని తన నిబంధనలలో వ్రాసికొని, నల్లవారి జీవనమునకు అడ్డునిలిచినది. ఇది అధికారపు దుర్వినియోగము. 2016లో స్కాట్లాండునందలి మ్యూర్‌ఫీల్డు క్లబ్బువారు స్త్రీలను చేర్చుకొనుటకు సమ్మతింపకపోగా, ఇక నచ్చట ఓపెన్ పోటీ జరుపబోమని ఆర్ అండ్ ఏ ఆనాడే ప్రకటించినది. మరుసటి సంవత్సరమే తలుపులు తెరువబడినవి. సెయింట్ ఆండ్రూస్ క్లబ్బు తానును 2014 వరకు స్త్రీలను చేర్చుకొనలేదు. అయినను, పాలకసంస్థ తలచినచో ఎంత బలిష్ఠమైన గోడయైనను కూలునని దీనివలన తేలుచున్నది.

మైదానములు క్లబ్బులవి, వానిని పోషించునది క్లబ్బులు, కావున పెత్తనమును క్లబ్బులదే కావలెనని కొందరు వాదింతురు. ఈ వాదమును మేము తృణీకరింపము. పచ్చికను కాపాడుటకు ధనము కావలెను. కాని ఆటను నిలిపినది ధనమొక్కటియేనా? ఇండియన్ ఓపెన్‌ను 1991లో గెలిచి, 1993లో మరల గెలిచిన ఆలీషేరు, ఇతరుల సంచులు మోసిన కాడీ. ఆ పోటీని గెలిచిన తొలి భారతీయ వృత్తిక్రీడాకారుడతడే. తెల్లవారుజామున సంచి భుజమున వేసికొను బాలునకు క్లబ్బులో సభ్యత్వము లేదు. సభ్యత్వము లేనిచో ఓటు లేదు. ఓటు లేనివాని మాట వినువారెవరు?

2025లో పార్లమెంటు అంగీకరించిన జాతీయ క్రీడాపాలన చట్టము, క్రీడాసంఘముల కార్యనిర్వాహకవర్గములలో స్త్రీలు నలుగురికి, ఉత్తమ క్రీడాకారులు ఇద్దరికి తక్కువ కాకుండ ఉండవలెనని విధించినది. ఇది శుభారంభము. కాని చట్టము స్థానమును మాత్రమే ఇయ్యగలదు. ఆ స్థానమున ఎవరిని కూర్చుండబెట్టవలెనో నిర్ణయించునది మనస్సాక్షి. కాడీల కుటుంబములనుండి పైకివచ్చిన క్రీడాకారునకు అందొకటి లభింపవలెనని మేము కోరుచున్నాము. జమాఖర్చులు ప్రజలకు తెలియునట్లు ప్రకటింపవలెను. ఎన్నికలు వివాదములకెడమీయక సకాలమున జరుగవలెను.

ఈ ఆటలో హాండికాపు అను పద్ధతి కలదు. బలహీనునకు కొన్ని దెబ్బలు మినహాయించి, ప్రవీణునితో సమముగా నిలుచు అవకాశమును అది కల్పించును. ఆ పద్ధతిని మన దేశమున నడపునది ఈ సంఘమే. మైదానమున పాటించు ఆ న్యాయమును తన సభామందిరమునందును పాటింపుమని మాత్రమే మేము దానిని అడుగుచున్నాము.