ఏడాదిన్నర పిల్ల చేతికి ఏమివ్వాలి?

పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన అమ్మలకు, కోయగూడెం ఓపెన్‌కాస్టు గనిలో షిఫ్టు దిగి నేరుగా ఇటే వచ్చిన అన్నలకు, వెనక వరుసలోంచి నన్ను అనుమానంగా చూస్తున్న నానమ్మలకు, అమ్మమ్మలకు మరీ మరీ నమస్కారం. నేను చెప్పబోయే దాంట్లో సగం ఆ పెద్దవాళ్లకు ఎప్పుడో తెలుసు.

మూడేళ్లలోపు పిల్లల ఎదుగుదల చూడటం నా పని. టేకులపల్లిలోనైనా బోడులోనైనా తల్లులు చెప్పేది ఒకటే. పొయ్యి దగ్గరుంటే వచ్చి కాళ్లకు చుట్టుకుంటాడు, ఫోను చేతికిస్తే తప్ప కూర్చోడు. ఇల్లెందు పోయి ఐదొందలు పెట్టి కారు బొమ్మ తెస్తే రెండోరోజుకే మంచం కిందికి పోయింది. ఎందుకు పోయిందో ముందు చూద్దాం. బటన్ నొక్కితే ఆ కారు తనే పాడుతుంది, తనే తిరుగుతుంది, తనే లైట్లు వేసుకుంటుంది. పిల్లాడికి చెయ్యడానికేం మిగిలింది? ఈ వయసు పిల్లలకు కావాల్సింది వెయ్యడం, తియ్యడం, లాగడం, పేర్చడం, కూలగొట్టడం, దాచిపెట్టి వెతకడం. ఇందులో ఏ ఒక్కటి కుదిరినా అది బొమ్మే. అమెరికాలో పది నుంచి పదహారు నెలల పిల్లలతో తల్లిదండ్రులు ఆడుతుంటే మాటలు రికార్డు చేసి 2016లో ఒక పరిశోధన అచ్చువేశారు. బ్యాటరీ బొమ్మలు ముందుంటే పెద్దవాళ్లు పిల్లలతో మాట్లాడటం తగ్గింది. బొమ్మే వాగుతుంటే మనకు వంతు రాదు కదా!

ఇదిగో, ఈ పాలడబ్బా చూడండి. ప్లాస్టిక్ మూతకు చాకుతో ఒక సందు కోశాను. పక్కన పచ్చడి సీసాల మూతలు ఆరు పెట్టాను. పిల్ల ఒక మూత తీసి ముందు అడ్డంగా పెడుతుంది, పోదు. గట్టిగా నొక్కుతుంది, అయినా పోదు. మణికట్టు కొంచెం తిప్పి నిలువుగా పట్టుకుంటుంది, టంగుమని లోపల పడుతుంది. వెంటనే మీ మొహంలోకి చూస్తుంది. ఆ చూపు మాత్రం వదులుకోకండి, ‘పడిందే!’ అనండి చాలు. ఆరూ అయ్యాక డబ్బా తెచ్చి, తియ్యమని మీ ఒళ్లో పెడుతుంది. మళ్లీ మొదలు. విసుగు మీకొస్తుంది గానీ ఆ పిల్లకు రాదు. డబ్బా అంచు పదునుగా ఉంటే సుత్తితో లోపలికి అణిచి గుడ్డ అంటించండి.

నీళ్ల సీసా మూతలు ఊరికే దొరుకుతుంటే పచ్చడి సీసా మూతలెందుకని మీరు అడగొచ్చు. బొమ్మల్ని పరీక్షించేవాళ్ల దగ్గర ఒక చిన్న గొట్టం ఉంటుంది, లోపలి వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలో ఏ ముక్కైనా ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిందంటే ఆ బొమ్మ పనికిరాదు, గొంతుకు అడ్డం పడుతుంది. పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు. నీళ్ల సీసా మూత దానికంటే కాస్తే పెద్దది, గొట్టంలో ఇట్టే దిగుతుంది. చింతపిక్కలు, పల్లీలు, గోళీలు కూడా అంతే. అన్నిటికంటే నాకు భయం బిళ్ల బ్యాటరీలంటే. తిరునాళ్లలో కొన్న లైటు బొమ్మల్లో ఉంటాయి. మింగితే ఆహారనాళంలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపలి కండను కాల్చేస్తాయి. మింగాడని అనుమానం వచ్చినా వాంతి చేయించొద్దు, పెద్దాసుపత్రికి పరుగెత్తండి.

అడవి పక్కన ఉన్నాం గనుక ఇంకో మాట. గురివింద గింజలు ఎర్రగా, నల్లటి బొట్టుతో ముద్దుగా ఉంటాయని గిలక్కాయలో వేస్తారు, దండ గుచ్చి పిల్లల చేతికి కడతారు. ఆ గింజ పైపొర గట్టిది, కానీ నమిలినా, సూదితో పొడిచి దండ గుచ్చినా లోపలి విషం బయటపడుతుంది. పిల్ల ప్రాణం తియ్యగలదు. ఆముదపు గింజలోనూ విషముంది. నల్లజీడి రసం చర్మానికి తగిలితే పొక్కులు లేస్తాయి. ఈ మూడూ ఆటల్లోకి రానివ్వద్దు. గలగలలాడాలంటే అరలీటరు సీసాలో గుప్పెడు కందులు పోసి, మూత ఫెవిక్విక్‌తో బిగించి, పైన టేపు చుట్టండి.

తాటాకు గిలక్కాయ అంటే నాకు చాలా ఇష్టం. లోపల నాలుగు రాళ్లు వేసి అల్లిన ఆ చిన్న పెట్టెకు సాటిది బజార్లో లేదు. కాకపోతే ఎండేకొద్దీ అల్లిక వదులై రాళ్లు రాలతాయి, రోజూ నొక్కి చూడాలి. ముంజెల కాలంలో తిని పారేసిన తాటికాయల బుర్రలు రెండు తీసి కర్రకు గుచ్చితే బండి అయిపోతుంది. పంగలకర్రతో తోసేది అన్నలైతే తాడు కట్టి లాగేది చెల్లి. కర్ర కొనలు గుండ్రంగా చెక్కండి, పిల్లల కళ్ల ఎత్తులో ఉంటాయవి. ఏటికొప్పాక లక్కపిడతలు ఆకులు, వేర్ల రంగులతో చేసినవైతే మంచివే, కానీ చిన్న ముక్కలున్న సెట్టు మూడేళ్లు దాటాక ఇవ్వండి.

ఇక వాడిన బొమ్మలు. ఎవరో వాడేసినవి మా పిల్లకెందుకని కొందరు మొహం తిప్పుకుంటారు. ఉయ్యాల మాత్రం అక్క ఇంటి నుంచి చెల్లి ఇంటికి, అక్కడి నుంచి ఆడబిడ్డ ఇంటికి తిరుగుతూనే ఉంటుంది! ప్లాస్టిక్ బొమ్మైతే సబ్బునీళ్లతో కడిగి ఎండలో పెట్టండి. గుడ్డబొమ్మను ఉతికి కుట్లు లాగి చూడండి, గుండీ కళ్లు పీకేసి దారంతో కుట్టండి. రంగు పెచ్చులూడే పాత చెక్కబొమ్మ, పాత మంచంకోడు మాత్రం ఇవ్వొద్దు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90కి మించరాదన్న నియమం 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులో ఎంతుందో మనకు తెలియదు. సీసం మెదడు మీద పనిచేస్తుంది.

ఉన్నవన్నీ ఒకేసారి గుమ్మరించకండి. నాలుగు బయట పెట్టి మిగతావి సంచిలో కట్టి అటక మీద పెట్టండి, వారానికోసారి మార్చండి. అమెరికాలో టొలీడో విశ్వవిద్యాలయంవాళ్లు చూస్తే, పదహారు బొమ్మలు ముందున్నప్పటికంటే నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కో దానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు.

ఈ మార్చే పద్ధతిని అంతకుముందే జమైకాలో చేశారు. 1986లో కింగ్‌స్టన్ పేదవాడల్లో వయసుకు తగ్గ ఎత్తు ఎదగని 129 మంది పిల్లల్ని తీసుకున్నారు. వాళ్లలో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారానికో గంట వెళ్లి, చేతితో చేసిన బొమ్మలతో ఎలా ఆడాలో తల్లులకు చూపించారు. బొమ్మ ఇంట్లో వదిలేసి, మరుసటి వారం ఇంకోటి తెచ్చేవారు. ఇరవై ఏళ్లకు చూస్తే, ఆ ఆట అందిన పిల్లలు అందనివాళ్లకంటే నాలుగోవంతు ఎక్కువ సంపాదిస్తున్నారు. బొమ్మ ఒక్కటే ఆ పని చేసిందని నేననను. బొమ్మ వంకతో తల్లి పిల్లతో మాట్లాడింది. అందుకే ఆడించేటప్పుడు మీ ఇంటి మాటలోనే మాట్లాడండి. కోయ ఇల్లైతే కోయ, లంబాడీ ఇల్లైతే లంబాడీ. తెలుగు రాదేమో, ఇంగ్లిష్ వెనకపడుతుందేమో అన్న బెంగ ఇప్పుడే వద్దు.

ఫోను సంగతి ఎవరూ అడగట్లేదు గానీ నేనే చెప్తా. రెండేళ్లలోపు అసలొద్దని, ఆ తర్వాత రోజుకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. జ్వరమొచ్చిన రాత్రి ఇచ్చారని ఎవరూ మిమ్మల్ని ఉరి తియ్యరు. రోజూ అన్నం ముద్దకో వీడియో అంటేనే చిక్కు.

అంగన్‌వాడీ టీచరమ్మలకు ఒక పని అప్పగిస్తా. కేంద్రంలో ఒక బియ్యం సంచి వేలాడదీయండి. ఒక బొమ్మ వేసినవాళ్లు ఒకటి తీసుకెళ్లొచ్చు. వేసేముందు కడిగారా, ఊడే ముక్కలున్నాయా అని మీరు చూడాలి.

ఇక అడగండి. అడిగేదేమీ లేకపోతే బల్ల దగ్గరికి రండి, మీరు తెచ్చిన డబ్బాలకు సందు కోసిస్తాను. చాకు మాత్రం ఎవరికీ ఇవ్వను, చుట్టూ పిల్లలు తిరుగుతున్నారు.