ఇరవయ్యేడో ఏట ఆటకు సెలవు చెప్పిన బలరాం
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటలనగానే మన కోనసీమ వారికి అమలాపురం బిడ్డ సాత్విక్ సాయిరాజ్ గుర్తుకొస్తాడు. 2023లో చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల బ్యాడ్మింటన్ స్వర్ణం గెలిచాడు. అంతకు అరవై ఏళ్ల ముందే ఫుట్‌బాల్‌లో ఆసియా స్వర్ణం గెలిచిన జట్టులో మన సికింద్రాబాదు ఆటగాడు ఒకరున్నారు. వారే తులసీదాస్ బలరాం గారు. వారిని గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

వారు 1936లో సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టారు. వారి ఆట చూసి చేరదీసినవారు హైదరాబాదు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గారు. సాధనకు నగరానికి రావడానికి డబ్బుల్లేవంటే అద్దె సైకిలు ఏర్పాటు చేయించారు. ఆ కుర్రవాడే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. మన జట్టుకు అక్కడ నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో నేటికీ మనకదే పెద్ద ఘనత.

1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టారు. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెనుగా కలకత్తా లీగు గెలిపించారు. 1962లో జకార్తా స్వర్ణం, అర్జున అవార్డు. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం గార్లను అప్పటి ఫుట్‌బాల్ అభిమానులు త్రిమూర్తులుగా చెప్పుకునేవారు.

1963లో ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. ఆట మానక తప్పలేదు. ఆ ఏడాదే రహీం గారు క్యాన్సరుతో కన్నుమూశారు. మిత్రులారా! మనలో చాలామందికి 58వ ఏట రిటైర్మెంటు వచ్చింది. వారికి 27వ ఏటే వచ్చింది! ఆదుకున్నది రైల్వే ఉద్యోగం. అప్పట్లో మన వాల్తేరు కూడా ఉన్న ఆగ్నేయ రైల్వేయే అది. తరువాత కుర్రవాళ్లకు ఆట నేర్పారు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో ఒంటరిగా జీవించారు.

చునీ గారికి 1983లో, పి.కె. గారికి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాం గారికి రాలేదు. 2023 ఫిబ్రవరి 16న, 86వ ఏట, వారు వెళ్లిపోయారు.

పెన్షను బకాయిలైతే మన తదనంతరం వారసులకైనా అందుతాయి. గౌరవం అలా కాదు, మనిషి కళ్లెదుట ఉండగానే అందాలి. అలాగే, సమయానికి దొరికిన ఒక అద్దె సైకిలు ఒక పేద పిల్లవాణ్ణి ఒలింపిక్స్ దాకా తీసుకెళ్లింది. మన వీధిలో ఆడుకునే పిల్లల్లో అటువంటివాడు కనిపిస్తే, మన పెన్షనులోంచి బూట్ల జత కొనిపెట్టడం మనకు పెద్ద బరువు కాదని మనవి చేస్తూ, సెలవు తీసుకుంటున్నాను.