మల్లశాలల మాత్సర్యము: ఒక చీనా చలనచిత్రము



ఒక ఊరిలో రెండు భజన సమాజములున్నవనుకొనుడు. ఎవరి మందిరములో వారు పాడుకొన్నంత కాలము ఏ చిక్కును లేదు. పండుగనాడు రెండు మేళములును ఒకే వీధిమొగను ఎదురుపడినపుడు చూడవలెను. ముందు ఎవరు సాగవలెను, ప్రక్కకు ఎవరు తొలగవలెను అను మాట వచ్చును. తాళములు ఆగును, నోళ్లు లేచును. మఱునాటికి ఆ తగవులో దేవుని పేరు వినబడదు, ఇండ్ల పేర్లు మాత్రమే వినబడును. ఇది మీబోటి పెద్దలకు నేను చెప్పనక్కఱలేదు.

ఇట్టి తగవునే కథగా గైకొని 1981వ సంవత్సరమున హాంగుకాంగు నగరమున ఒక చలనచిత్రము నిర్మింపబడినది. ఇంగ్లీషున దానిపేరు ‘మార్షల్ క్లబ్’. చీనా భాషలోని పేరునకు ‘యుద్ధవిద్యాశాల’ అని అర్థము. షా బ్రదర్స్ సంస్థవారు దానిని నిర్మించిరి. దర్శకుడు లావ్ కార్‌లియుంగ్. మనము ‘కుంగ్‌ఫూ’ అని వ్యవహరించు చీనావారి యుద్ధవిద్యను జూపు చిత్రములలో దీనికి మంచి స్థానము కలదు. కుంగ్‌ఫూ అను మాటకు అసలు యుద్ధమని అర్థము కాదు. చిరకాలము శ్రమపడి సాధించిన నేర్పని అర్థము. వంటయందైనను, వ్రాతయందైనను అట్టి నేర్పును కుంగ్‌ఫూ అనవచ్చును.

ఈ తెగకు జెందిన చిత్రములు పెక్కింటిలో కథ యొకటే. ఒక శాలవారు మఱొక శాల గురువును చంపుదురు. శిష్యుడు కఠోర సాధన చేసి పగ తీర్చుకొనును. ఇప్పుడు నేను చెప్పు చిత్రమునందును శాలల వైరమే కథ. దెబ్బలకు కొదువ లేదు. అయినను చివరి యుద్ధమునందు ఎవ్వరును ఎవ్వరిని చంపరు. ఆ యొక్క విశేషము కొఱకే దీనిని మీ ముందు ప్రస్తావించుచున్నాను.

కథానాయకుడు కల్పితపురుషుడు కాడు. ఆయన పేరు వాంగ్ ఫీహుంగ్. చీనాదేశపు దక్షిణభాగమున కాంటన్ అను మహానగరము కలదు. దానినే నేడు గ్వాంగ్జౌ అనుచున్నారు. దాని సమీపమున ఫోషాన్ అను పట్టణమున ఆయన 1847వ సంవత్సరమున జన్మించెను. తండ్రి వాంగ్ కేయింగ్ సయితము ప్రసిద్ధుడైన మల్లుడు. కాంటన్ నగరపు ‘పది పులులు’ అని జనులు చెప్పుకొను వీరులలో ఒకడు. ఫీహుంగ్ తండ్రి విద్య నేర్చి గురువైనాడు. అంతేకాదు, వైద్యుడును అయినాడు. విఱిగిన యెముకలను కట్టుటలో ఆయన చేయి పేరొందినది. కాంటన్ నగరమున ‘పో చి లామ్’ అను ఔషధశాలను నడపెను. 1924వ సంవత్సరమున ఆ నగరమున జరిగిన అల్లరులలో అది కాలిపోయినది. మఱుసటి సంవత్సరము ఆయన గతించెను.

ఇక్కడ ఒక్క క్షణ మాగి ఆలోచింపుడు. ఆ కాలమున ఆ దేశపు మల్లగురువులలో అనేకులు ఎముకలు కట్టు వైద్యులు కూడ. ఎముక ఎక్కడ విఱుగునో ఎఱిగినవాడే దానిని కూర్పవలసినవాడు. విఱుచు విద్యయు, కట్టు విద్యయు ఒకే గురువు చేతిలో నుండుట ఊరకే యేర్పడిన సంగతి కాదు. మన పల్లెలలో సాము గరిడీలు నేర్పిన పాతకాలపు ఉస్తాదులలో బెణుకులు సరిచేయుట తెలిసినవారిని చూచినవారు మీలో నుండవచ్చును.

చిత్రము సింహనృత్యముతో ఆరంభమగును. దర్శకుడు మొదట ఆ నృత్యపు మర్యాదలను ప్రేక్షకులకు విప్పి చెప్పును. వెదురుబద్దలతోను కాగితముతోను చేసి రంగులద్దిన సింహపు తలను ఒకడు ధరించును. వెనుక వస్త్రము క్రింద మఱొకడు వంగి తోక భాగమై నడచును. డప్పు, కంచుపళ్లెము, తాళములు మ్రోగుచుండును. ఎత్తున ఆకుకూర కట్టి, దానితో ఎఱ్ఱకాగితమున ధనము చుట్టి వ్రేలాడదీయుదురు. సింహము మనుష్యుల భుజములమీదికో స్తంభముమీదికో ఎగబ్రాకి, ఆకును నమలి వెదజల్లి, బహుమానమును గ్రహింపవలెను. కాళ్లలో సత్తువ, నడుములో పట్టు లేనివాడు దీనిని చేయజాలడు. కావున ఊరిలో సింహము నాడించు పని మల్లశాలలదే. ఏ సింహము ఎత్తుగా ఎగిరిన ఆ శాలకు కీర్తి.

రెండు సింహములు ఎదురుపడినపుడు పాటింపవలసిన నియమములు కలవు. ఎదుటి సింహమునెదుట కాలెత్తరాదు. దాని తోకను వాసన చూడరాదు. కుక్క చేయు పనిని సింహము చేసినచో ఎదుటివానిని కుక్కతో సమానముగా చూచినట్లు. చిత్రమునందు ఒక శాల సింహము బుద్ధిపూర్వకముగ నియమమును మీఱును. అంతటితో డప్పు దెబ్బలు పోయి పిడిగుద్దులు వచ్చును.

కాలెత్తుటలో నేమున్నదని పరదేశి అడుగవచ్చును. కాని ఊరివారికి తెలియును. పండుగనాడు జరిగిన అవమానము వేయిమంది కండ్లయెదుట జరిగినది. దానిని దిగమ్రింగిన శాలకు మఱునాడు శిష్యుడు రాడు. కనుకనే మర్యాదలను పూర్వులు అంత సన్నముగా లిఖించిరి. చేయి లేవకుండ కాపాడునది మర్యాద. మర్యాద తెగినచోట చేయి లేచును.

ఈ కలహమునకు నడుమ దర్శకుడు హాస్యమును కూడ చేర్చెను. యువకుడైన ఫీహుంగ్‌నకు యిన్‌లిన్ అను మిత్రుడు కలడు. ఇద్దఱును వయసు పొగరు గలవారే. ఎవరి విద్య గొప్పదో తేల్చుకొనవలెనని పందెము వేసికొందురు. పందెము గెలుచుటకై వీరు చేసిన పని యేమనగా, తమతో పోరాడువారికి చాటున డబ్బిచ్చి ఓడిపొమ్మని చెప్పుదురు! దెబ్బలు తినుటకు కూలి. సభ చప్పట్లు కొట్టును. చూచు మనము నవ్వుదుము. నవ్విన తరువాత మాత్రము మనసున ఒక ముల్లు మిగులును. గెలుపును కొని తెచ్చుకొన్నవానికి తన బలమెంతయో తనకే తెలియదు. నిజమైన దెబ్బ వచ్చు దినమున అతడు నిరాయుధుడే. చిత్రమునందు అట్టి దినము వచ్చును; యిన్‌లిన్ శత్రువుల చేజిక్కి దారుణముగా గాయపడును. నాటితో ఆటలు ముగియును.

ఇంతలో ఉత్తరదేశమునుండి ఒక మహామల్లుడు ప్రతిపక్షపు శాలకు అతిథిగా వచ్చును. ఆ పాత్రను వాంగ్ లుంగ్‌వేయ్ అను నటుడు ధరించెను. ఇతడు దుర్మార్గుడు కాడు. విద్య నెఱిగినవాడు, విద్య నెఱిగినవానిని వెదకువాడు. కాని అతిథ్యమిచ్చిన శాలపెద్ద ఇతని బలమును తన పగకు వాడుకొనజూచును. తన శిష్యులు చేసిన తప్పును దాచి, తప్పంతయు ఎదుటివారిదేయని నమ్మించును. ఊరి తగవులోనికి పొరుగూరి గొప్పవానిని సగము మాట చెప్పి లాగువారు అన్ని దేశములందును కలరు.

చివరకు ఫీహుంగ్‌నకును ఈ ఉత్తరదేశీయునకును ద్వంద్వయుద్ధము జరుగును. అది రంగస్థలముమీద కాదు, మైదానమున కాదు; రెండు ఎత్తైన గోడల నడుమనున్న ఒక సందులో. ఆ సందు పోను పోను ఇఱుకగుచుండును. ‘దక్షిణమున పిడికిలి, ఉత్తరమున కాలు’ అని చీనాదేశమున నానుడి. ఉత్తరపు విద్యలో కాలిని బారజాపి కొట్టుట మిక్కిలి. దక్షిణపు విద్యలో పాదములను నేలకు నాటి, దగ్గఱ నిలిచి చేతులతో పోరుట మిక్కిలి. సందు వెడల్పుగ నున్నంతవఱకు ఒక విధమైన విద్య చెల్లును. భుజములు గోడలకు తగులుచోట అది చెల్లదు; మఱొకటి తీయవలెను. ఇఱుకుచోట దెబ్బ తప్పించుకొనుటకు దారి లేదు. అట్టిచోట చంపుట సులభము. ఆ సులభమైన పనినే ఇరువురును చేయరు. దెబ్బకు దెబ్బ బదులిచ్చుచు, ఎదుటివాని నేర్పును తూచుచు, తూచిన కొలది ఒకరినొకరు గౌరవించుచు పోరాడుదురు. కడకు ఉత్తరదేశీయుడు తన ఎదుటనున్నవాడు ఎట్టివాడో గ్రహించి, మర్యాదతో వెడలిపోవును. అతని కళ్లు తెఱపించినది ఎవరి వాదమును కాదు, ఫీహుంగ్ నిగ్రహమే.

ఇది దర్శకుని ఊహయేనా యని మీరడుగవచ్చును. కాదు. ఇది ఆయన ఇంటి విద్య. వాంగ్ ఫీహుంగ్‌నకు లామ్ సాయ్‌వింగ్ అను శిష్యుడుండెను. ఆయన మొదట మాంసము అమ్ముకొని బ్రదికినవాడు. తరువాత ‘హుంగ్’ సంప్రదాయపు ముష్టివిద్యపై గ్రంథములు ప్రకటింపించెను. లామ్ సాయ్‌వింగ్ శిష్యుడు లావ్ చామ్. ఈ లావ్ చామ్ కుమారుడే మన దర్శకుడు లావ్ కార్‌లియుంగ్. అనగా తెఱమీద జూపిన గురువునకును, జూపిన దర్శకునకును నడుమ నున్నవి రెండు తరముల గురువులే. ఫీహుంగ్ పాత్ర ధరించిన గార్డన్ లియు సయితము లావ్ చామ్ వద్ద విద్య నేర్చి, ఆ యింటిపేరునే ధరించినవాడు. ఫీహుంగ్ కథలు 1949వ సంవత్సరమునుండి హాంగుకాంగులో చిత్రములుగా వచ్చుచుండెను. క్వాన్ టాక్‌హింగ్ అను నటుడు ఆ పాత్రను దశాబ్దములపాటు ధరించెను. వానిలో లావ్ చామ్ కూడ నటించెను.

లావ్ కార్‌లియుంగ్ చాలకాలము ఇతరుల చిత్రములకు పోరాటములను కూర్చియిచ్చెను. చాంగ్ చే అను ప్రసిద్ధ దర్శకుని చిత్రములకు పనిచేసెను. ఆ చిత్రములలో వీరుడు నెత్తురోడుచు నేలగూలుటయే ఘనత. తరువాత 1975వ సంవత్సరమున తానే దర్శకుడైనాడు. ఆయన తీసిన చిత్రములలో వేఱొక గాలి వీచినది. 1978వ సంవత్సరమున తీసిన ‘హీరోస్ ఆఫ్ ది ఈస్ట్’ అను చిత్రమున చీనా యువకుడొకడు జపాను మల్లులతో వరుసగా పోరాడును. అందును ఎవ్వరును చావరు. 2013వ సంవత్సరమున ఆయన స్వర్గస్థుడైనాడు.

పగ తీర్చుకొను చిత్రములన్నియు హీనములని నా అభిప్రాయము కాదు. 1972వ సంవత్సరమున వచ్చిన ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’ చిత్రమును చూడుడు. షాంగై నగరమున చీనావారి శాలకును జపానువారి శాలకును వైరము. ‘ఆసియాలోని రోగిష్ఠివారు’ అని వ్రాసిన పలకను జపానువారు తెచ్చి, గురువును కోల్పోయి దుఃఖములోనున్న శాలవారికి బహూకరింతురు. బ్రూస్ లీ ధరించిన శిష్యుని పాత్ర ఆ అవమానమును సహింపక పగ తీర్చుకొనును. కడపట తుపాకుల కెదురుగ దూకును. పరప్రభుత్వము క్రింద మెలగిన ప్రజలకు ఆ కోపము అర్థము కాకపోదు. అది విదేశీయుని దౌర్జన్యమున కెదురు నిలిచిన కథ. మన రెండు సింహముల కథ అట్టిది కాదు. ఇరువురును ఒకే ఊరివారు. ఒకే పండుగ చేసికొనువారు. రేపు ఒకే వీధిలో నడువవలసినవారు. అక్కడ పగ తీర్చుకొన్నవాడు ఎవనిని కొట్టినను తన ఊరినే కొట్టినవాడగును.

చీనా లిపిలో యుద్ధమను అర్థము గల ‘వూ’ అను అక్షర మొకటి కలదు. ఈ చిత్రపు చీనా పేరులో మొదటి అక్షరము అదియే. అందు రెండు భాగములున్నవి: ఒకటి ఈటె, రెండవది ‘ఆగు’ అను అర్థము గలది. కావున ‘ఈటెను ఆపుటయే యుద్ధవిద్య’ అని ఆ దేశపు ప్రాచీనులు దానికి అర్థము చెప్పిరి. ఆధునిక పండితులు మాత్రము ఆ రెండవ భాగము మొదట అడుగును సూచించెననియు, ఈటె పట్టి నడచుటయే ఆ అక్షరపు తొలి భావమనియు చెప్పుచున్నారు. అక్షర చరిత్రలో పండితుల మాటయే నిజము కావచ్చును. ఈటె పట్టి నడచుట ముందు, దానిని ఆపుట నేర్చుకొన్నది తరువాత. మనుష్యుని పెరుగుదలయు అట్టిదే కదా!

మన ఊళ్లలో మల్లశాలలు కొన్ని మూతపడినవి; ఉత్సవములు, పందెములు, పక్షములు మూతపడలేదు. యువకులకు బలము నేర్పువారు దొరకుదురు. ఎక్కడ ఆగవలెనో నేర్పువారు పెద్దలే. ఈ చిత్రమున యువకులు తొందరపడి తప్పు చేసిరి, దెబ్బలు తిని తెలిసికొనిరి. తగవును నిజముగ పెంచినవాడు మాత్రము శిష్యుల తప్పును వెనుక వేసికొనిన ఒక పెద్ద. తన పిల్లవాని తప్పును మొట్టమొదట తానే నలుగురిలో ఒప్పుకొను పెద్ద యొక్కడున్నచో ఆ సింహముల తగవు డప్పుతోనే ముగిసియుండెడిది.

రాబోవు పండుగనాడు మీ వీధిమొగను రెండు మేళములు ఎదురుపడినచో, తన మేళమును ముందుగా ప్రక్కకు నిలుపు పెద్ద ఎవరో ఊరెల్ల చూచును. చూచి, మఱవక చెప్పుకొనును.