పెద్దల మాట - పిల్లల ఓర్పు



బిడ్డ బొమ్మ కావలెనని మారాము చేయును. తండ్రి సంతకు బయలుదేరుచు, "ఏడవకురా, సాయంత్రం తెస్తాగా" అని చెప్పిపోవును. ఏడుపు ఆగును. సాయంకాలమునకు ఆ మాట తండ్రికి జ్ఞప్తి యుండదు, బిడ్డకు ఉండును. వాకిట నిలిచి తండ్రి చేతులవైపు చూచును. మరునాడు ఆ బిడ్డ మరింత బిగ్గరగా ఏడ్చినచో, "వీడికి బొత్తిగా ఓర్పు లేదు" అని ఇంటిల్లిపాదియు విసుగుకొందురు. ఆ ఓర్పు ఎచటికి పోయినదో విచారింపవలసియున్నది.

అమెరికాలో వాల్టర్ మిషెల్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు పసిపిల్లల ముందు మిఠాయి నుంచి, కొంతసేపు తినక ఆగినవారికి ఎక్కువ ఇత్తునని చెప్పి పరీక్షించెను. ఎక్కువసేపు ఆగినవారు పెద్దయిన పిమ్మట చదువులో మెరుగుగా నుండిరని తేలుటచే, ఓర్పు కొందరికి పుట్టుకతోనే అబ్బునని పలువురు తలచిరి. కాని 2013లో సెలెస్ట్ కిడ్ మొదలగువారు ప్రకటించిన మరియొక పరీక్ష వేరొక సంగతిని చూపినది.

వారు 28 మంది పిల్లలను రెండు జట్లుగా చేసిరి. బొమ్మలు వేసికొనుటకు మంచి రంగులు తెచ్చెదమని ఇరువురకును చెప్పిరి. మొదటి జట్టునకు చెప్పినట్లే తెచ్చి ఇచ్చిరి. రెండవ జట్టుకడకు వట్టిచేతులతో తిరిగివచ్చి, లేవని విచారము తెలిపిరి. పిదప మిఠాయి నుంచి, 15 నిమిషములు ఆగినచో రెండవది ఇత్తుమనిరి. మాట దక్కిన పిల్లలు సగటున 12 నిమిషములు ఆగిరి. మాట తప్పబడిన పిల్లలు 3 నిమిషములే ఆగిరి.

ఇది చిన్న పరీక్షయే. అయినను దీని భావము స్పష్టము. చెప్పినది జరుగునను నమ్మకమున్నచోటనే బిడ్డ తన కోరికను, కోపమును పట్టి నిలుపుకొనగలడు. ఆ నమ్మకము లేనిచోట ఆగుట బిడ్డకు తెలివితక్కువగా తోచును.

కావున ఏడుపు మాన్పుటకై తేలేని వస్తువును తెచ్చెదననుట తగదు. బూచివాడు పట్టుకొనిపోవునని బెదరించుటయు అట్టిదే. "ఇప్పుడది కొనలేము, నీకు కోపముగా ఉన్నది కదూ" అని నిజము చెప్పి, ఏడుపు తగ్గువరకు ప్రక్కన కూర్చుండుట మేలు. అప్పుడు బిడ్డ తన కోపమునకు పేరు తెలిసికొనును. అది వచ్చి పోవునదనియు గ్రహించును. చేయగలిగిన చిన్నమాటనే ఇచ్చి, దానిని తప్పక చెల్లింపవలెను.

గ్రంథాలయమునకు వచ్చు బాలుడు తాను కోరిన కథల పుస్తకము వేరొకరు తీసికొనిపోయిరని తెలిసి చిన్నబోవును. గడువునాటికి అది తిరిగి వచ్చి చేతికందినప్పుడు, ఎదురుచూచుట వృథా కాదని తెలిసికొనును. పుస్తకములను గడువులోపల తెచ్చియిచ్చు ప్రతి చందాదారుడును, తానెరుగకయే, ఆ బాలునికి ఓర్పు నేర్పుచున్నాడు. ఇంటిలో తండ్రి చేయవలసినదియు ఇంతే: ఆదివారము గ్రంథాలయమునకు తీసికొనిపోయెదనని చెప్పినచో, ఆదివారము తీసికొనిపోవుట.