దాచవలదు, తొందరపడవలదు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మేము వైద్యులము కాము, ప్రత్తి వ్యాపారులము. మెట్రిక్యులేషనుతో మా చదువు ముగిసినది. అయినను ఈ విషయమును మా యింటనే నేర్చుకొంటిమి గనుక, మా వదినగారి అనుమతితో మీ ముందుంచుచున్నాము.

నలువదిరెండవ యేట వదినగారికి నెలసరికిని నెలసరికిని నడుమ రక్తము కనిపింపసాగెను. సిగ్గుచేత ఎనిమిది మాసములు ఎవ్వరికిని చెప్పలేదు. ముఖము పాలిపోయి, నాలుగు మెట్లెక్కిన ఆయాసము వచ్చినపుడు గాని మాకు తెలియలేదు. ఒకచోట చూపింపగా, ఏ పరీక్షయు లేకయే గర్భసంచి తీసివేయవలెననిరి. మేము మరియొక వైద్యురాలి కడకు తీసికొనిపోతిమి. ఆమె స్కానింగు చేయించి, లోపల చిన్న పాలిప్ కలదని కనుగొని, దానిని మాత్రమే తీసివేసిరి. వదినగారు నేడు మీ నడుమనే కూర్చుండియున్నారు.

ముట్లుడుగుటకు ముందు కొన్నియేండ్లు హార్మోనుల హెచ్చుతగ్గులవలన నెలసరి క్రమము తప్పుట సామాన్యమే. కాని కారణము అదొక్కటియే కాదు. అంతర్జాతీయ స్త్రీరోగ, ప్రసూతి వైద్య సమాఖ్య 2011లో ఈ కారణములను 9 వర్గములుగ విభజించినది. పాలిప్‌లు, ఫైబ్రాయిడ్ కంతులు, గర్భసంచి లోపలిపొర దోషములు, రక్తము గడ్డకట్టుటలో లోపము, కాపర్-టి, కొన్ని మందులు వానిలో చేరినవి. థైరాయిడ్ దోషము, అంటువ్యాధులు, నిలిచిన గర్భము చెడుట కూడ కారణములు కావచ్చును. కొందరిలో అది క్యాన్సరు సూచన. భార్యాభర్తల కలయిక తరువాత రక్తము కనిపించినను, ముట్లుడిగిన యేడాదికి పిమ్మట మరల కనిపించినను, జాగుచేయరాదు.

దాచుట యెంత తప్పో తొందరపాటు నంత తప్పు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15-49 యేండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశమున దాదాపు తొమ్మండుగురు, తెలంగాణమున దాదాపు ఎనమండుగురు. మన బంధువర్గము ఆ ప్రాంతములదే కదా! అవసరమైనపుడు ఆ శస్త్రచికిత్స ప్రాణము నిలుపును. కాని అండాశయములు కూడ తీసివేసినచో ముట్లు ఒక్కసారిగ ఉడిగి, ఎముకలు బలహీనపడును. ఖాతాలో లెక్క కుదరనపుడు మనము పుస్తకమును చింపివేయము. ఏ పద్దున తప్పు పడినదో వెదకుదుము.

కర్నూలు, గద్వాల వైపునుండి కోడండ్రుగ వచ్చిన మన ఆడపడుచులు కొందరు కన్నడము చాలక ఆసుపత్రిలో నోరు విప్పరు. వారికి తోడుగ పెద్దముత్తైదువలు వెళ్ళవలెనని మా ప్రార్థన. ఏ తేదీన రక్తము కనిపించినదో, ఎన్నిదినములుండినదో వ్రాసికొని పొండు. హిమోగ్లోబిన్ 12కు తగ్గినచో రక్తహీనతయని తెలిసికొనుడు. పురుషులారా, అడిగినది ఆడవారి సంగతియని మొగము త్రిప్పుకొనకుడు.