స్థలాల ఏజెంటుకు తొలి పాఠాలు

ఇళ్లు, స్థలాలు అమ్మిపెట్టే ఏజెంటు వృత్తిలోకి కొత్తగా వస్తున్న యువతకు ఈ నాలుగు మాటలు.

ముందు రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం) కింద పేరు నమోదు చేసుకోండి. 2016 నాటి ఈ చట్టం ప్రకారం, దాని పరిధిలోని ప్రాజెక్టుల్లో ప్లాటుగానీ ఫ్లాటుగానీ అమ్మించాలంటే ఏజెంటుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేకుంటే రోజుకు 10,000 రూపాయల చొప్పున జరిమానా పడుతుంది.

తర్వాత కాగితాలు చదవడం నేర్చుకోండి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే ఆ ఆస్తి ఎవరెవరి చేతులు మారిందో, రిజిస్టరైన తనఖా ఏదైనా ఉందో లేదో తెలుస్తుంది. లింకు డాక్యుమెంట్ల (ఆ ఆస్తి పాత దస్తావేజుల) లోని సర్వే నంబరు, హద్దులు నేల మీద సరిపోతున్నాయా? స్థలం చెరువు శిఖంలోకి, అంటే చెరువు నీరు నిలిచే భూమిలోకి, వస్తోందా? వెళ్లి చూడండి, వాకబు చేయండి.

రిజిస్టరైన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకునే హక్కు బిల్డరుకు లేదు. ఈ సంగతి కొనేవారికి ముందే చెప్పండి.

కమీషన్ నెలనెలా రాదు. కొన్ని నెలల ఇంటిఖర్చు చేతిలో ఉంచుకునే దిగండి.

ఓ మధ్యతరగతి కుటుంబం జీవితమంతా కూడబెట్టిన సొమ్మును మీ మాట మీద పెడుతుంది. లోపమున్న స్థలాన్ని వద్దని ధైర్యంగా చెప్పండి. ఆ కుటుంబమే రేపు మరో నలుగురిని మీ దగ్గరకు పంపుతుంది.