పాత ట్రాక్టరు లిఫ్టు బలము తగ్గినపుడు చేయవలసిన పరీక్షలు
(కళింగపట్నము పరిసర గ్రామముల రైతుల కుద్దేశించిన ఉపన్యాసము)



వంశధార సముద్రమున గలియు ఈ కళింగపట్నపు పల్లపు భూములలో ఉభాల దినములు మిక్కిలి విలువైనవి. కాలువకు నీరు వచ్చి, ఆకుమడి ముదురుచుండగా, దమ్ము చేయు ట్రాక్టరు గట్టు నొద్ద కల్టివేటరును పైకెత్తలేక నిలిచిపోయినచో, వెనుక వేచియున్న మళ్లన్నియు నిలిచిపోవును. అట్టి తొందరలో కొందరు పంపు చెడినదని తలచి, వెనుక భాగమంతయు విప్పించి, క్రొత్త పంపు వేయింతురు. లోపము వేరొకచోట నున్నచో ధనము పోవును, లిఫ్టు లేవదు.

లిఫ్టు నడచు తీరు కఠినమైనది కాదు. పంపు చమురును త్రోయును. ఆ చమురు సిలిండరులోని పిస్టనును నెట్టును. పిస్టను లిఫ్టు చేతులను లేపును. చమురు చాలకున్నను, గాలి చొరబడినను, ఎచ్చటనైన జారిపోయినను బలము తగ్గును. ఐర్లండున జన్మించిన హారీ ఫెర్గూసను రూపొందించిన ఈ పద్ధతి గల ట్రాక్టరు 1936వ సంవత్సరమున విక్రయమునకు వచ్చెను. ఆ వంశమునకు జెందిన పాత ట్రాక్టర్లు పెక్కింటిలో పంపును త్రిప్పునది పి.టి.ఓ. ఇరుసే. ఆ లివరు న్యూట్రలునందున్న పంపు తిరుగదు. మెకానికునకు కబురు పంపుటకు ముందు దానిని జూచుట మేలు.

పిమ్మట చమురు. బండిని చదునైన నేలపై నిలిపి, లిఫ్టును దింపి, ఇంజను ఆపి మట్టము చూడవలయును. మన ప్రాంతమున ముఖ్య శత్రువు నీరు. ఇరుసు తడియునట్లు దమ్ములో తిరుగు బండికి అరిగిన సీళ్లగుండ నీరు లోనికి జొచ్చును. చమురు మజ్జిగవలె తెల్లబారినచో నీరు కలసినదని యెరుంగవలయును. రంగు మారకున్నను ఒక సులభోపాయము కలదు. రాత్రియంతయు బండిని కదలింపక, ఉదయమున ఇంజను త్రిప్పక మునుపే అడుగు బిరడాను కొంచెము వదులుచేసి, కారినదానిని గాజుసీసాలో పట్టవలయును. నీరు చమురుకంటె బరువైనది గాన మొదట వచ్చును. అట్టి చమురును పూర్తిగా తీసివేయవలసినదే. ఈ బండ్లలో గేర్లకును లిఫ్టునకును చమురు ఒక్కటియే యగుటచే, నేడు లిఫ్టును బాధించు నీరు రేపు గేర్లను బేరింగులను తినివేయును. తయారీదారులు చెప్పిన చమురునే పోయవలయును గాని ఇంట మిగిలినదానిని గాదు. అపుడే జల్లెడను గూడ కడిగింపవలయును. అది మూసుకొనిపోయినను, పీల్చు దారిలో గాలి చేరినను పంపు మూలుగును. గాలి చేరినచో చమురు నురుగెత్తును.

ఇంతటితో బాగుపడనిచో అసలు పరీక్ష చేయవలయును. పనిముట్టును పైకెత్తి, లివరును కదపక, ఇంజనును ఆపి చూడుడు. పనిముట్టు వెంటనే దిగజారినచో సిలిండరు సీలునందో, చమురును పట్టియుంచు వాల్వులయందో కారుట యున్నది. కొన్ని గంటలకు కొంచెము దిగుట పాతబండికి సహజము. నిలిచియుండియు, లేచునపుడు మాత్రము మందముగా లేచినచో పీల్చు దారిని, పంపును అనుమానింపవలయును. ఉదయము చక్కగా లేచి, మధ్యాహ్నమునకు బలము తగ్గునది వేరొక జాతి. వేడికి చమురు పలుచనై, అరిగిన పంపు సందులగుండ వెనుకకు జారును. పంపునకు ధనము వెచ్చించుట అపుడు న్యాయము.

పరీక్షించునపుడు ఎత్తిన పనిముట్టు క్రిందికి ఎవరును పోరాదు. పిల్లలను దూరముగా నుంచవలయును. గొట్టము చిట్లినచో చేతితో తడవి చూడరాదు. ఒత్తిడితో చిమ్ము చమురు చర్మమును చీల్చుకొని లోనికి పోవును. అట్లు జరిగినచో గాయము చిన్నదిగా కనబడినను తత్‌క్షణమే ఆసుపత్రికి చేరవలయును. రిలీఫు వాల్వును బిగించి బలము తెచ్చెదమను వారి మాట వినరాదు. అరిగిన పంపునకు దానివలన బలము రాదు; మంచి పంపున్నచో హద్దు మీరిన ఒత్తిడికి గొట్టములు, సీళ్లు పగులును. ఒత్తిడిని గేజి పెట్టించి కొలిపింపవలయును.

మెకానికు వచ్చినపుడు “లిఫ్టు లేవదు” అని మాత్రము చెప్పక, చల్లగా నున్నపుడు ఎట్లుండెనో, వేడెక్కిన పిమ్మట ఎట్లుండెనో, ఇంజను ఆపగా నిలిచెనో దిగెనో వివరింపవలయును. ఉదయము పట్టిన ఆ సీసాను గూడ చూపుడు.